పాత తూటా ఈల

12 మే 1957, ఆదివారం

తుపాకీ ఇంటికి వచ్చింది.

ఈయన పొద్దున సైకిల్ మీద కువాలా సెలంగోర్ పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి, మధ్యాహ్నం బస్సులో దిగారు. తుపాకీ భుజాన వేసుకుని సైకిల్ తొక్కితే బాగుండదని ఇన్‌స్పెక్టర్ అన్నాడట. ఇప్పుడు తుపాకీ ఇంట్లో ఉంది, సైకిల్ స్టేషన్‌లో ఉంది. రేపు దానికోసం ఇంకో బస్సు.

నలభై ఎనిమిదిలో ఈ మలయ్ దేశంలో తిరుగుబాటు మొదలై ఎమర్జెన్సీ పెట్టగానే అందరి తుపాకులూ తీసుకున్నారు. ఇప్పుడు మా వైపు వైట్ ఏరియా, అంటే తిరుగుబాటు భయం లేని ప్రాంతం, అయింది కాబట్టి లైసెన్సు ఉన్నవాళ్ళకి తిరిగి ఇస్తున్నారు. ఆ రోజు పాత దుప్పటిలో చుట్టి తాడు కట్టింది నేనే. ఈ రోజు విప్పబోతే ముడి నాదే. తొమ్మిదేళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదు. ఎవరూ నూనె కూడా వెయ్యలేదు.

మాన్‌లిచర్, టూ-ఫిఫ్టీ-సిక్స్. లైసెన్సు ఈయన పేరున ఉంది, రబ్బరు ఎస్టేటులో హెడ్ కెరాణీ, అంటే పెద్ద గుమాస్తా, కాబట్టి ఇచ్చారు. తుపాకీ మాత్రం మా తమ్ముడు సూరిబాబుది. యుద్ధం అయ్యాక దేశం వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర కొన్నాడు. చెంప ఆనే చోట చెక్కకి సైకిల్ ట్యూబు ముక్క చుట్టాడు. అది ఇప్పుడు కరిగి జిగురులా అయింది. కిరసనాయిలు పెట్టి తీసేస్తానని ఈయన అన్నారు. నేను వద్దన్నాను. ఎందుకని అడగలేదు.

తమ్ముడి పేరు ఈ పుస్తకంలో రాసి చాలా కాలమైంది. ఇంట్లోనూ అనం.


19 మే, ఆదివారం

మండోర్ పోలయ్య వచ్చాడు. కూలీల మీద అజమాయిషీ అతనిదే. పాత రోజుల్లో వేటకి ఈయనా, తమ్ముడూ, పోలయ్యా ముగ్గురూ కలిసి వెళ్ళేవారు. తుపాకీని అటూ ఇటూ తిప్పి చూసి, ఏటి బాబూ ఇది, మ్యూజియంకి పంపుదువా అన్నాడు.

కొత్త మేనేజర్ దొర లీవు నుంచి వస్తూ కొత్త రకం తెచ్చుకున్నాడట. టూ-ఫార్టీ-త్రీ. అమెరికావాళ్ళు మొన్నమొన్ననే చేశారట. దాని గుండు బరువు వంద గ్రెయిన్లు. మాది నూట అరవై. నాకు గ్రెయిన్లు తెలుసు. బంగారం తులం అంటే నూట ఎనభై గ్రెయిన్లు. అంటే మాది తులానికి కొంచెం తక్కువ, దొరది అరతులం దాటి కాస్త. అంత చిన్నదానితో రూసాని ఎలా పడగొడతారని అడిగాను. రూసా అంటే ఇక్కడి పెద్ద జింక, మా నాన్న కణుజు అనేవాడు.

బరువు కాదప్పా, వేగం లా, అన్నాడు పోలయ్య, మలయ్ వాళ్ళలాగే మాట చివర లా తగిలించి. అది వచ్చిందని జింకకి తెలిసేలోపు పడిపోతాదట. మనది ఎడ్లబండి, అది మెయిల్ ట్రైను. ఈయన తల ఊపారు కానీ, ఎడ్లబండికి కొమ్మా రెమ్మా అడ్డం రావు, మెయిల్ ట్రైనుకి పుల్ల తగిలినా పట్టా తప్పుతుంది అన్నారు. సాయంత్రం దాకా ఇదే. రెండు ప్లేట్లు పకోడీ అయిపోయింది.

పోలయ్య నన్ను అప్పా, అంటే అక్కా, అంటాడు. తమ్ముడూ అలాగే పిలిచేవాడు. ఒకే మాట, రెండు గొంతులు.


24 మే

విమానం ఈ రోజు కూడా తిరిగింది. అడవిలో ఉన్న తిరుగుబాటుదారుల్ని లొంగిపొమ్మని పైనుంచి మైకులో పిలుస్తారు. చైనీసులో, మలయ్‌లో, తమిళంలో. తెలుగులో పిలవరు. తమ్ముడికి తమిళం బాగానే వచ్చు. అయినా.


2 జూన్, ఆదివారం

ఈ రోజు వివరంగా రాయాలి.

ఈయన, పోలయ్య తెల్లవారకముందే వెళ్ళారు. నేను ధనియాలు, మిరియాలు, అల్లం పక్కన పెట్టుకుని ఊరికే కూర్చున్నాను. మా ఇళ్ళలో వేటకి వెళ్ళినరోజు ముందుగా మసాలా నూరకూడదు. నూరితే వేట దొరకదు. ఈల వినిపించాకే సన్నికల్లు ముట్టుకోవాలి.

ఈల అంటే నోటితో వేసేది కాదు. కాల్చిన తూటా గుల్లని కింది పెదవికి ఆనించి ఊదితే సన్నటి ఈల వస్తుంది. అర మైలు వినిపిస్తుంది. ఒక్కొక్కరిదీ ఒక్కో రకం. ఈయనది ఒకే పొడుగు కూత, రైలుగార్డులా. పోలయ్యకి సరిగా రాదు, తుంపరలే ఎక్కువ. తమ్ముడిది రెండు పొట్టి, ఒక పొడుగు. వాడు అది వేశాడంటే, అప్పా, మసాలా నూరు, వస్తున్నాం అని.

తొమ్మిది దాటాక ఒక తూటా పేలింది. ఆ శబ్దం మరిచిపోయానేమో అనుకున్నాను. మరవలేదు. చెక్కపెట్టె మూత దభీమని వేసినట్టు, తర్వాత అడవి అంతా దొర్లుకుంటూ పోయే మోత. తర్వాత చాలాసేపటికి ఈయన కూత.

నూరుతుంటే కళ్ళు మండాయి. ఎండు మిరపకాయలు ఇంకా వెయ్యలేదు.

తెచ్చింది కిజాంగ్, మొరిగే చిన్న జింక. భుజం వెనక తగిలింది. లలాంగ్ గడ్డిలో అరవై గజాలు పరుగెత్తి పడిందట. డాచింగ్ త్రాసులో తూచాను. మాంసం పద్నాలుగు కాటీలు, అంటే దాదాపు ఆరు వీశెలు. గుండు తగిలి పాడైంది పిడికెడు. రంధ్రం అంచు దాకా కోసుకుని తినొచ్చు.


9 జూన్

ఒక తూటా పేలలేదు. టిక్ మంది, అంతే. తుపాకీతో పాటు తూటాలకీ స్టేషన్ గదిలో తొమ్మిదేళ్ళ చెమ్మ.


7 జూలై, ఆదివారం

దొర పిలిచాడని ఈయన దొరతో వెళ్ళారు. కొత్త తుపాకీ మోత ఇంటి దాకా వచ్చింది. చెక్కపెట్టె కాదు, గాలిలో కొరడా ఝళిపించినట్టు ఠాప్. అడవిలో దొర్లలేదు. అక్కడే ఆగిపోయింది.

దొర సగం కిజాంగ్ మా ఇంటికి పంపాడు. ఏది మంచిదో వంటింట్లో తేల్చమని ఈయన నవ్వుతూ త్రాసు నా ముందు పెట్టారు. పాతది నెగ్గాలని నాకు మనసులో ఉంది. అందుకే రెండుసార్లు తూచాను.

ముందు కాలి జబ్బ మొత్తం పనికిరాలేదు. లోపల రక్తం కట్టి చింతపండు గుజ్జులా ఉంది. రెండు కాటీలకు పైగా కుక్కలకి వేశాను. వంటింటి లెక్కన పాతదే మేలు. గట్టిగా చెప్పాను. ఈయన, ఈ జింక నిల్చున్న చోటే కూలిందని, కాలు కూడా కొట్టుకోలేదని అన్నారు. మన పద్నాలుగు కాటీలది అరవై గజాలు పరుగెత్తింది అన్నారు.

ఆ అరవై గజాలు నా త్రాసులో తూగవు. అది నిజమే.


14 జూలై

పాత తూటాలు ఇక్కడెక్కడా దొరకడం లేదు. లండన్ నుంచి తెప్పించాలంటే పర్మిట్, ఆ పర్మిట్‌కి ఇంకో పర్మిట్. క్లాంగ్‌లో ఉన్న తుపాకీ షాపువాడు పాతది తీసుకుని, కొంత కట్టించుకుని టూ-ఫార్టీ-త్రీ ఇస్తానన్నాడట. లైసెన్సు మీద ఒకటే ఉంచుకోవచ్చు. నీ ఇష్టం ఏమిటని అడిగారు.

వద్దన్నాను. కారణం అడిగారు. మాంసం పాడవుతుందన్నాను.

రెండు కాటీల మాంసం కోసం నేను ఇంతగా పట్టుబట్టనని ఆయనకీ తెలుసు.


31 ఆగస్టు, శనివారం

మెర్దెకా, అంటే స్వాతంత్ర్యం. కువాలా సెలంగోర్ పడాంగ్ మైదానంలో కొత్త జెండా ఎగరేశారు. అందరూ కొత్త బట్టల్లో వచ్చారు. మూడు భాషల పిల్లలు ఒకే పాట పాడారు. పోలయ్య టోపీ పెట్టుకొచ్చి, అప్పా, నాను ఇప్పుడు ఎవడి కూలీనీ కాదు, గాని సోమవారం ఆరుకి మస్టర్ హాజరు ఉన్నాది అన్నాడు. చాలా నవ్వాం.

తమ్ముడు ఉండుంటే ముందు వరసలో నిలబడేవాడు. దీనికోసమేగా అన్నీ వదిలి వెళ్ళాడు.


8 సెప్టెంబర్, ఆదివారం

రబ్బరు చెట్ల మధ్య కాగితాలు రాలాయి. కొత్త సర్కారు క్షమాభిక్ష. అడవిలోంచి డిసెంబరు ఆఖరులోగా బయటికి వస్తే కేసు పెట్టరు. ఇంటికి పోవచ్చు. అలా అచ్చయి ఉంది. తమిళం వైపు నాలుగుసార్లు చదివాను.

ఈ రోజు ఈయనతో చెప్పేశాను. తొమ్మిదేళ్ళలో మొదటిసారి పేరు పెట్టి మాట్లాడాను.

అమ్మ పోయినప్పుడు సూరిబాబుకి నాలుగేళ్ళు. నేనే పెంచాను. యూనియన్ పని చేసేవాడు. యూనియన్ మూసేసి మనుషుల్ని పట్టుకుపోతున్న వారంలో, సాయంత్రం గంజి తాగి, వస్తానప్పా అని వెళ్ళాడు. స్టేషన్‌కి పోయిన తుపాకీకి గుర్తుగా ఒక ఖాళీ గుల్లని మాత్రం దారానికి కట్టి మెడలో వేసుకున్నాడు. తాయెత్తా అని నేను వెక్కిరించాను. అదే ఆఖరు మాట.

ఈయనకి ఇవన్నీ తెలుసు. తెలియంది ఒకటే. వాడు బతికుంటే ఎస్టేటు అంచున ఉన్న ఆ చిత్తడి అడవి లోపలే ఎక్కడో ఉంటాడు. విమానం మాట నమ్మడు, కాగితం నమ్మడు. కానీ వాడి తుపాకీ మోత వాడికి తెలుసు. అది వినిపిస్తే, ఇంటికి తుపాకీ తిరిగి ఇచ్చేశారు, బావ మళ్ళీ వేటకి వస్తున్నాడు, అంటే నిజంగానే కాలం మారింది అనుకుంటాడు. కొరడా మోత వింటే ఏం తెలుస్తుంది? ఎవడో దొర.

అందుకే మార్చొద్దన్నాను అని చెప్పాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తుడిచారు.


15 సెప్టెంబర్, ఆదివారం

ఈయన ఒక్కరే వెళ్ళారు. చిత్తడి గట్టు వైపు. ఒక తూటా పేలింది. కూత లేదు. వట్టి చేతులతో వచ్చి, గురి తప్పింది అన్నారు.

బూట్లకి బురద కూడా లేదు. గట్టు మీద నిలబడి ఆకాశంలోకి కాల్చి వచ్చారు.

నేను అన్నం వడ్డించాను.


13 అక్టోబర్

ప్రతి ఆదివారం గురి తప్పుతోంది. పోలయ్య వరండాలో కూర్చుని, అప్పా, బాబు ఇప్పుడు ఆకుల్ని వేటాడతన్నాడు, ఆకుకూర వొండు అన్నాడు. కళ్ళజోడు మార్చమని ఒకడు, వయసైందని ఇంకొకడు. క్లబ్బులో కూడా ఇదే నవ్వులాటట. ఇరవై రెండేళ్ళుగా ఆఫీసులో ఒక్క అంకె తప్పని మనిషి. నవ్వుతూ ఊరుకుంటారు. అసలు సంగతి బయటపడితే ఉద్యోగం ఒక్కటే పోదు.

రాత్రి కాళ్ళకి నూనె రాస్తానంటే వద్దన్నారు. రాశాను.


11 నవంబర్, సోమవారం

నిన్న పోలయ్య కూడా వెంట వెళ్ళాడు. కాదంటే అనుమానం వస్తుందని ఈయన సరే అన్నారు. గట్టు దగ్గర పెద్ద రూసా ఎదురొచ్చింది. పక్కన పోలయ్య ఉన్నాడు, కాల్చక తప్పలేదు.

తూటాలో మందు నీరసించి ఉంది. మోత కూడా సగమే వచ్చింది. గుండు పొట్టలో దిగి ఆగిపోయింది. రూసా చిత్తడిలోకి పోయింది. చీకటిపడే దాకా వెతికారు. దొరకలేదు.

నిన్న సాయంత్రం నాకు దాని అరుపు వినిపించింది. ఇంట్లోకి వెళ్ళి తలుపు వేశాను. తలుపు వేసినా వినిపించింది.

ఈ రోజు మధ్యాహ్నం దొరికింది. ఇంకా ప్రాణం ఉందట. పోలయ్య కత్తితో ముగించాడు. వచ్చి గుమ్మంలో కూర్చుని, ఈసారి జోకులేమీ వెయ్యలేదు. పాపం తగిలింది బాబూ, ఆ తుపాకీ ఇంక ముట్టకు అన్నాడు. ఈయన తినలేదు. మాంసం అంతా కూలీల ఇళ్ళ లైన్లకి పంపేశాను. తూచలేదు.

ఒకరి కోసం ఎదురుచూస్తూ ఇంకో ప్రాణిని రాత్రంతా అరిపించాను. ఆ అరుపులో నా వంతు ఉంది.


12 నవంబర్

క్లాంగ్ షాపుకి కబురు పెట్టమన్నాను.

ఈయన గడువు దాకా ఆగుదామన్నారు. డిసెంబరు ఆఖరు దాకా. జంతువు జోలికి పోనని, ఆకాశానికే కాలుస్తానని అన్నారు. తలూపాను.


15 డిసెంబర్, ఆదివారం

మిగిలినవన్నీ ఈ రోజే కాల్చేశారు. ఒకటి పేలింది. ఒకటి టిక్. ఒకటి టిక్. తర్వాత రెండు వరసగా. దభీ, దభీ. అడవిలో దొర్లుకుంటూ చాలా దూరం పోయింది. వసారాలో నిలబడి ఆఖరి మోత పూర్తిగా ఆరిపోయే దాకా విన్నాను.

తర్వాత కోడి కూసింది. వేళకాని వేళ.


21 డిసెంబర్, శనివారం

మాన్‌లిచర్ వెళ్ళిపోయింది. ట్యూబు ముక్కతో సహా. షాపువాడు ముక్కు మూసుకుని, గీకేస్తాను లెండి అన్నాడట.

కాల్చిన ప్రతి తూటాకి ఖాళీ గుల్ల స్టేషన్‌లో అప్పగించాలి. ఒకటి చిత్తడిలో పడిపోయిందని ఈయన రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టారు. ఇన్‌స్పెక్టర్ మారుమాట అనలేదట. హెడ్ కెరాణీ రాసింది ఎవరు అనుమానిస్తారు.

ఇంటికొచ్చాక ఆ గుల్లని జేబులోంచి తీసి నా చేతిలో పెట్టారు. వెచ్చగా ఉంది. ఆయన జేబు వేడి.


31 డిసెంబర్, మంగళవారం

ఎవరూ రాలేదు.

రేడియోలో చెప్పారు. గడువు పెంచారు. జూలై ఆఖరు దాకా.


2 ఫిబ్రవరి 1958, ఆదివారం

కొత్త తుపాకీతో మొదటి కిజాంగ్. ఒకే తూటా, నిల్చున్న చోటే. గుండుని ఈసారి భుజం మీద కాకుండా వెనకగా, పక్కటెముకల మీద వేశారట. పాడైంది అర కాటీ కూడా లేదు. అంటే తూటాది కాదు తప్పు, ఎక్కడ వెయ్యాలో తెలియాలి అంతే. నిజాయితీగా రాస్తున్నాను. వేటకి కొత్తదే మంచిది. జింకకీ అదే మంచిది.

దాని గుల్లని కూడా ఊదారు. సన్నగా వస్తుందనుకున్నాను. కాస్త బొంగురుగా వచ్చింది. సన్నికల్లు కడగడానికి లేచాను కానీ ఒక్క క్షణం ఎవరి ఇంటి ఈలో అనిపించింది.

మధ్యాహ్నం ఈయన నిద్రపోయాక పాతదాన్ని పెట్టెలోంచి తీసి ఊదాను. మొదట గాలే. తర్వాత వచ్చింది. రెండు పొట్టి, ఒక పొడుగు. ఆడవాళ్ళు ఊదకూడదంటారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు.

ఇకమీద ఎవరూ వేటకి పోని రోజుల్లో, గట్టు వైపు తిరిగి ఊదుతాను.


20 ఏప్రిల్

పోలయ్య మెల్లగా అడిగాడు. మధ్యాహ్నాలు ఈల వినిపిస్తున్నాది అప్పా, ఏటి పిట్ట అది అని. తెలియదన్నాను. మంచి పిట్ట లా, ఆపమనకు అని వెళ్ళిపోయాడు.


13 జూన్

ఉత్తరాన పెరక్ వైపు అడవిలోంచి చాలామంది బయటికి వచ్చారని పేపర్లో రాశారు. పేర్లు వెయ్యలేదు. ఫోటోలో ముఖాలు కళ్ళ మీద నల్ల గీతలతో ఉన్నాయి. ఒకడి చెవులు తమ్ముడి చెవుల్లాగే ఉన్నాయి. భూతద్దం పెట్టి చూశాను. చుక్కలు. ఒట్టి చుక్కలు.


29 జూలై 1958, మంగళవారం, సాయంత్రం 5.40

వేట రోజు కాదు. ఈయన ఆఫీసులో ఉన్నారు. కొత్త తుపాకీ అల్మారాలో ఉంది, తాళంచెవి నా కొంగున ఉంది. పాత గుల్ల పెట్టెలో ఉంది. ఇప్పుడే చూసి వచ్చాను. నేను ఊదలేదు.

గట్టు వైపు నుంచి. రెండు పొట్టి, ఒక పొడుగు.

సన్నికల్లు కడిగి ధనియాలు వేశాను.